పోయిన పన్ను స్థానంలో ఏది? బ్రిడ్జి, ఇంప్లాంట్, పళ్ళ సెట్టు: ఎలా ఎంచుకోవాలి, ఎలా సరిచూసుకోవాలి

"పన్ను తీయించుకుని ఆరు నెలలైంది, డాక్టరుగారు బ్రిడ్జి వేయించుకోమంటున్నారు, మా బావగారేమో ఇంప్లాంటే మేలంటున్నారు, ఏం చేయమంటారు?" అనే ప్రశ్న కాస్త అటూ ఇటూగా నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. నేను దంతవైద్యుణ్ణి కాను. ఎడమ కింది దవడలో వేయించుకున్న బ్రిడ్జిని నాలుగేళ్ళకే పోగొట్టుకుని, దానితోపాటు దానికి ఆధారంగా నిలిచిన ఒక పన్నును కూడా పోగొట్టుకుని, రెండోసారి ప్రతిదీ అడిగి తెలుసుకుని చేయించుకున్నవాణ్ణి; మా అమ్మగారికి పై దవడ సెట్టు కట్టించినప్పుడు ప్రతి దఫా వెంట వెళ్ళినవాణ్ణి. ఆ రెండు అనుభవాల్లో నాకు తెలిసివచ్చిందేమిటంటే, మనమంతా పోయిన పన్ను గురించే అడుగుతాం గాని, దాని స్థానంలో ఏది పెట్టించుకోవాలో తేల్చేవి ఇరుపక్కలా మిగిలి ఉన్న పళ్ళు. కింది మెట్లన్నీ ఆ దృష్టితో పెట్టినవే. మీ నోరు చూసి చెప్పవలసిన చివరి మాట మీ డాక్టరుగారిదే; ఆ మాటను అర్థం చేసుకోవడానికి, అడగవలసింది అడగడానికి ఇది పనికివస్తుంది.

ముందుగా నాలుగు మాటలు

పన్నును చుట్టూ అరగదీసి దాని మీద తొడిగేది క్యాప్. పోయిన పన్నుకు ఇటూ అటూ ఉన్న రెండు పళ్ళకు క్యాపులు తొడిగి, ఆ రెండింటికీ నడుమ ఒక కృత్రిమ పన్నును కలిపి ఒకే ముక్కగా పోతపోసి అతికించేది బ్రిడ్జి. ఆ ఇరుపక్కల పళ్ళను ఇక్కడ పునాది పళ్ళు అంటాను, మధ్యలోదాన్ని నడిమి పన్ను అంటాను. దవడ ఎముకలో టైటానియం మరను బిగించి, ఎముక దానికి పట్టుకున్నాక పైన పన్ను కట్టేది ఇంప్లాంట్. ఇంట్లో తీసి కడిగి మళ్ళీ పెట్టుకునేది పళ్ళ సెట్టు. అది ఒకటి రెండు పళ్ళకూ ఉంటుంది, దవడ మొత్తానికీ ఉంటుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

పన్ను పోయిన చోటుతో పాటు ఇరుపక్కల పళ్ళ వేర్లు పూర్తిగా కనిపించే చిన్న ఎక్స్‌రే ఒకటి, రెండు దవడలూ కలిసి వచ్చే ఓపీజీ ఎక్స్‌రే ఒకటి ఉండాలి. షుగరు ఉన్నవారు ఆ రోజు ఉదయం చూసిన అంకె కాకుండా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి రిపోర్టు తీసుకువెళ్ళాలి. రోజూ వాడే మందుల చీటీ తప్పనిసరి. పక్క పళ్ళలో దేనికైనా గతంలో రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసి నింపే వైద్యం) జరిగి ఉంటే ఆ సంవత్సరం గుర్తుచేసుకోండి. వీటితో పాటు ఒక చేతి అద్దం, ఒక టార్చిలైటు, మీ తీరిక రోజులు గుర్తుపెట్టిన క్యాలెండరు. క్యాలెండరు ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

1. అసలు పెట్టించుకోవాలా అని తేల్చుకోండి

ప్రతి ఖాళీనీ నింపనక్కరలేదు. జ్ఞానదంతం తీయించుకుంటే దాని స్థానంలో ఏదీ అక్కరలేదు. దాని ముందున్న, అంటే వరుసలో చివరిదైన నములు పన్ను ఒక్కటే పోయి, నమలడానికి ఇబ్బంది లేకపోతే, ఎదుటి దవడలోని పన్ను కిందికో పైకో జారడం లేదని డాక్టరు చూసి చెబితే, దాన్నీ అలాగే వదిలి ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండవచ్చు. ఇది కూడా ఒక మార్గమే, దీనికి ఖర్చు లేదు, అయినా దీని గురించి ఎవరూ చెప్పరు.

ముందు పన్ను పోతే మాత్రం ఎవరూ ఊరుకోరు, ఊరుకోనక్కరలేదు కూడా. నడుమనున్న నములు పన్ను పోయినప్పుడే నిర్లక్ష్యం ఎక్కువగా జరుగుతుంది: బయటికి కనబడదు, రెండో పక్క నమిలితే సరిపోతుందనిపిస్తుంది. ఈలోపు వెనక పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది, ఎదుటి పన్ను సాగుతుంది. రెండు మూడేళ్ళ తర్వాత వెళితే అక్కడ పన్ను పట్టేంత చోటు ఉండకపోవచ్చు.

తేడా తెలియాలంటే టార్చి వేసుకుని అద్దంలో చూడండి. ఖాళీ పక్కనున్న పన్ను నిటారుగా ఉందా, ఒరిగిందా? పళ్ళు కలిపి కరిచినప్పుడు ఎదుటి పన్ను తన వరుసలోనే ఉందా, ఖాళీలోకి దిగుతోందా? ఒరగడమో దిగడమో కనిపిస్తే ఇక వాయిదా వేయకండి.

2. పక్క పళ్ళను పరీక్షించండి

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన మెట్టు ఇది. నేను మొదటిసారి దాటేసిన మెట్టు కూడా ఇదే.

బ్రిడ్జి వేయాలంటే పునాది పళ్ళ చుట్టూ సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందాన అరగదీయాలి. అలా పోయిన పంటి పైపొర (ఎనామెల్) మళ్ళీ పెరగదు. అందుచేత పునాది పళ్ళ స్థితిని బట్టి ఒకే బ్రిడ్జి ఒకరికి లాభం, మరొకరికి నష్టం అవుతుంది. ఎక్స్‌రేను మీ డాక్టరుగారి ముందు పెట్టి ఈ నాలుగు ప్రశ్నలు అడగండి, జవాబులు రాసుకోండి.

మొదటిది, ఈ రెండు పళ్ళూ ముట్టని పళ్ళా, లేక ఇప్పటికే పెద్ద ఫిల్లింగో రూట్ కెనాలో జరిగినవా? ఎలాగూ క్యాపు పడవలసిన పళ్ళైతే బ్రిడ్జి వల్ల అదనంగా పోయేది పెద్దగా లేదు. రెండూ చెక్కుచెదరని పళ్ళైతే, మూడో పన్ను కోసం రెండు మంచి పళ్ళను అరగదీయడం అవసరమా అని ఆగి ఆలోచించాలి. అక్కడే ఇంప్లాంట్ మాట వినవలసి వస్తుంది.

రెండవది, వాటి వేర్ల చుట్టూ ఎముక ఎంత ఉంది? వేరు పొడవులో ఎముక పట్టు తగ్గిపోయిన పన్ను తన బరువే మోయలేకపోతుంది, పక్కదాని బరువు కూడా దాని మీద పెట్టకూడదు. వేలితో పట్టి చూస్తే కదిలే పన్ను పునాదికి పనికిరాదు.

మూడవది, రూట్ కెనాల్ జరిగిన పన్ను అయితే ఆ పని ఇప్పటికీ శుభ్రంగా ఉందా, వేరు కొన దగ్గర నల్లటి నీడ ఏదైనా ఉందా? నా విషయంలో వెనక పునాది పన్నుకు ఎప్పుడో జరిగిన రూట్ కెనాల్ ఉంది. దాన్ని మళ్ళీ ఎక్స్‌రే తీయకుండానే క్యాపు తొడిగారు, తీయమని నేనూ అడగలేదు. అడగకపోవడం నా తప్పే.

నాలుగవది, ఖాళీ ఎంత పొడవు? ఒక పన్ను పోతే మూడు పళ్ళ బ్రిడ్జి చాలావరకు నిలుస్తుంది. వెనకవైపు వరుసగా రెండు పోతే జాగ్రత్తగా లెక్క చూడాలి, మూడు పోతే రెండు పునాదుల మీద వంతెన వేయడం సాహసమే. కోర పన్ను పోయిన చోట బరువు పక్కవాటుగా పడుతుంది కాబట్టి అక్కడ ఒకే పన్ను పోయినా ప్రత్యేకంగా అడగండి.

3. ముందు చిగుళ్ళు, పుచ్చులు బాగుచేయించండి

చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తున్నంతకాలం క్యాపు కోసం పళ్ళ అచ్చు తీయించుకోకండి. వాచిన చిగురు మీద తీసిన అచ్చుతో చేసిన క్యాపు, వాపు తగ్గాక అంచు బయటపడి కనిపిస్తుంది. క్లీనింగ్ చేయించుకుని, రెండు మూడు వారాలు సరిగ్గా తోముకుని, నెత్తురు ఆగాక ముందుకు వెళ్ళండి. క్లీనింగుతో పళ్ళు వదులవుతాయన్న భయం మనవాళ్ళలో ఇంకా ఉంది. గార తీసేశాక, అప్పటిదాకా గారే పట్టి ఉంచిన పన్ను కదిలినట్టు తెలుస్తుంది, అంతే.

గుట్కా, ఖైనీ, వక్క నమిలే అలవాటు ఉన్నవారు తమ మూడు వేళ్ళను నిలువుగా పేర్చి నోట్లో పెట్టి చూసుకోవాలి. పట్టకపోతే నోరు బిగుసుకుపోతోందని అర్థం. ఆ స్థితిలో వెనక పళ్ళకు ఏ పని చేయడమైనా కష్టం. ముందు ఆ జబ్బుకు వైద్యం జరగాలి.

శ్రీకాకుళం, విశాఖ తీరపు ఊళ్ళలో అడ్డపొగ, అంటే చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అలవాటు, పెద్ద వయసు స్త్రీలలో కనిపిస్తుంది. అటువంటివారికి పై దవడ సెట్టు కట్టించే ముందు అంగిలిని తప్పకుండా పరీక్షించమనండి. తెల్లటి లేదా ఎర్రటి మచ్చలు ఉంటే అవేమిటో తేలేవరకు వాటి మీద సెట్టు మూతపెట్టకూడదు.

4. మీకు సరిపడేదాన్ని ఎంచుకోండి

మామూలు బ్రిడ్జి: పునాది పళ్ళు గట్టివై, వాటికి ఇప్పటికే ఫిల్లింగులు ఉండి, ఆపరేషను వద్దనుకునేవారికి అనువైనది. పన్ను తీసిన గాయం మాని, చిగురు ఆకారం కుదురుకోవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి శాశ్వత బ్రిడ్జి వేస్తారు. ఆ తర్వాత పని రెండు మూడు వారాల్లో ముగుస్తుంది.

రెక్కల బ్రిడ్జి: దీన్ని మేరీలాండ్ బ్రిడ్జి అంటారు. నడిమి పన్నుకు ఉన్న సన్నటి రెక్కను పక్క పన్ను వెనకభాగానికి అతికిస్తారు, అరగదీత దాదాపు ఉండదు. ఒక్క ముందు పన్ను పోయినవారికి, ముఖ్యంగా ఎదిగే వయసు పిల్లలకు, ఇది మంచి ఏర్పాటు. ఊడితే మళ్ళీ అతికించవచ్చు. నములు పళ్ళకు వద్దు.

ఇంప్లాంట్: పక్క పళ్ళను ముట్టుకోనక్కరలేదు, దానికి పుచ్చు పట్టదు. అయితే చిగురు జబ్బు దానికీ వస్తుంది, వస్తే నొప్పి లేకుండా ఎముకను తినేస్తుంది. స్వీడన్‌కు చెందిన బ్రానెమార్క్ 1965లో మొదటి రోగికి టైటానియం మరలు అమర్చిన నాటి నుంచి దీని మూలసూత్రం మారలేదు: ఎముక మరను పట్టుకోవాలి, అందుకు సమయం ఇవ్వాలి. ఆ సమయం మామూలుగా 3 నుంచి 6 నెలలు. ఎముక చాలకపోతే ఎముక పొడి వేసి మరికొన్ని నెలలు ఆగాలి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో మూడు వారాల సెలవు మీద వచ్చి, వెళ్ళేలోపు ఇంప్లాంటూ పన్నూ రెండూ పూర్తికావాలనుకునేవారు క్యాలెండరు ముందు పెట్టుకోవలసింది ఇందుకే. ఈ రాకలో మర, వచ్చే రాకలో పన్ను అనుకుంటే అందరికీ నిమ్మళం. ముక్కుపక్క సైనస్, కింది దవడ నరం ఎంత దూరంలో ఉన్నాయో చూడడానికి త్రీడీ స్కాన్ తీయించమని అడగండి.

హెచ్చరిక: ఎముకలు గుల్లబారకుండా వారానికో మాత్రగానో ఏడాదికో ఇంజెక్షనుగానో మందు తీసుకుంటున్నవారు, నెత్తురు పలచబడే మాత్రలు వేసుకుంటున్నవారు, తల మెడ భాగాలకు రేడియేషన్ పొందినవారు ఆ సంగతి పన్ను తీయించుకోకముందే చెప్పాలి. మందులను మీ అంతట మీరు ఆపకండి. ఆపాలా వద్దా అన్నది దంతవైద్యుడు, ఆ మందు రాసిన డాక్టరు మాట్లాడుకుని చెప్పవలసిన విషయం. షుగరు అదుపులో లేనివారు, మానలేనంతగా పొగతాగేవారు ఇంప్లాంటును కొంతకాలం పక్కన పెట్టడం మంచిది. దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు ఇంప్లాంట్ వేయరు.

తీసిపెట్టుకునే పళ్ళు: చాలా పళ్ళు పోయినప్పుడు, లేదా మిగతా వాటికి డబ్బో ఆరోగ్యమో సహకరించనప్పుడు ఇవే దిక్కు, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. మామూలు అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) సెట్టు చవక, మందంగా ఉంటుంది. లోహపు చట్రం మీద కట్టినది పలచగా, గట్టిగా ఉండి మిగతా పళ్ళ మీద సరిగా కూర్చుంటుంది. కొన్ని పళ్ళు గట్టిగా మిగిలినవారికి నేను దీన్నే అడగమంటాను. మెత్తగా వంగే రకం చూడటానికి బాగుంటుంది గాని తర్వాత సరిచేయడం, కొత్త పన్ను చేర్చడం కష్టం. కింది దవడలో ఒక్క పన్నూ లేనివారికి మామూలు సెట్టు నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు వేసి, సెట్టును వాటి మీద బొత్తాల్లా నొక్కి పెట్టుకునే ఏర్పాటు వారికి ఎంతో సుఖం.

5. మనిషినీ, ధరనూ సరిచూసుకోండి

బీడీఎస్ చదివి రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో నమోదైన దంతవైద్యులు బ్రిడ్జి వేయగలరు. ఖాళీ పొడవైనా, కరవడంలో తేడా ఉన్నా, దవడ మొత్తం కట్టవలసి వచ్చినా ఎండీఎస్ ప్రోస్థోడాంటిక్స్ చేసినవారిని వెతకండి. కృత్రిమ దంతాలే వారి ప్రత్యేక చదువు. సంతల దగ్గర, బస్టాండుల దగ్గర కూర్చుని అరగంటలో పన్ను "కట్టేసే" వారి దగ్గరికి మాత్రం వెళ్ళకండి. వారు అక్రిలిక్ ముద్దను అక్కడికక్కడే చిగురు మీద, పక్క పళ్ళ మీద పోసి, కొన్నిసార్లు తీగతో బిగించి గట్టిపరుస్తారు. దాని కింద శుభ్రం చేసే వీలుండదు. కొన్నాళ్ళకు పక్క పళ్ళు కూడా కదిలి రాలిపోతాయి.

ఖర్చు తగ్గాలంటే దంతవైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపల్లోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు కళాశాలల్లో కూడా బయటి క్లినిక్కుల కంటే తక్కువే అవుతుంది. విద్యార్థి చేస్తాడు, పైన అధ్యాపకుడు ప్రతి మెట్టూ చూసి సంతకం పెడతాడు. ఎక్కువసార్లు తిరగవలసి వస్తుంది, సగం పూట పోతుంది. నా రెండో బ్రిడ్జి అటువంటి చోటే జరిగింది, తిరిగిన రోజులు వృథా అనిపించలేదు.

ధర అడిగేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడ: బ్రిడ్జికి లెక్క యూనిట్ల మీద కడతారు. ఒక్క పన్ను పోయినా మూడు యూనిట్లు, అంటే మూడు క్యాపుల ధర. ఇంప్లాంటుకు మరకు ఒక ధర, పై పన్నుకు మరో ధర చెప్పవచ్చు, స్కాను, ఎముక పొడి విడిగా ఉండవచ్చు. "అన్నీ కలిపి చివరికి ఎంత?" అని అడిగి కాగితం మీద రాయించుకున్నాకే రెండు చోట్ల ధరలను పోల్చండి. క్యాపు దేనితో చేస్తారో కూడా రాయించండి. లోపల లోహం, పైన పింగాణీ ఉన్నది చవక. కాలం గడిచాక పింగాణీ పెచ్చు లేవవచ్చు, చిగురు దగ్గర బూడిదరంగు గీత తేలవచ్చు. జిర్కోనియా అనే తెల్లటి గట్టి పదార్థంలో లోహపు నీడ ఉండదు, గట్టిదనమూ ఎక్కువే, ధరా ఎక్కువే. గిల్టు నగలు పెట్టుకుంటే దద్దుర్లు వచ్చేవారు ఆ మాట ముందే చెప్పండి, ఎందుకంటే చవక లోహాల్లో నికెల్ ఉండవచ్చు.

6. బ్రిడ్జి వేసే రోజులు

మొదటి రోజు మత్తు ఇంజెక్షను ఇచ్చి పునాది పళ్ళను అరగదీసి, అచ్చు తీస్తారు లేదా నోటిలోకి కెమెరా పెట్టి స్కాను చేస్తారు. రంగు ఆ రోజే ఎంచుతారు. అరగదీత మొదలుపెట్టకముందే రంగు చూడమని అడగండి, ఎందుకంటే నోరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి అసలుకంటే తెల్లగా కనిపిస్తాయి. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో చూడాలి. ఆ రోజు లిప్‌స్టిక్ వద్దు, ముదురు రంగు దుస్తులు వద్దు. నల్గొండ, ప్రకాశం ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్ళతో పెరిగినవారి పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. వారికి మచ్చలేని తెల్లటి పన్ను ముందువరుసలో పెడితే అది ఒక్కటే ఎత్తి చూపినట్టు ఉంటుంది. పక్క పళ్ళ ఫోటో తీసి ల్యాబుకు పంపమనండి.

ఇంటికి పంపేముందు తాత్కాలిక బ్రిడ్జి పెట్టించుకోవాలి. అరగదీసిన పళ్ళను అలాగే వదిలేస్తే జివ్వుమని లాగడమే కాక, అవి కొద్దిగా జరిగి అసలు బ్రిడ్జి పట్టకుండా పోవచ్చు. తాత్కాలికం ఊడితే రెండో రోజుకల్లా వెళ్ళి పెట్టించుకోండి. ఆ వారం పది రోజులూ బంకగా ఉండే పాకం ఉండలు, గట్టి జంతికలు ఆ పక్క నమలకండి.

7. సిమెంటు పెట్టకముందే సరిచూసుకోండి

గట్టి సిమెంటు పెట్టాక బ్రిడ్జిని తీయాలంటే తరచూ కోయవలసిందే. అందుకే ఉత్తగా అమర్చినప్పుడే కింది పరీక్షలు చేయండి, డాక్టరుగారు తొందరపడుతున్నా మీరు తొందరపడకండి.

కరవడం: కళ్ళు మూసుకుని నెమ్మదిగా పళ్ళు కలపండి. బ్రిడ్జి ముందుగా తగిలి మిగతా పళ్ళు ఆలస్యంగా తగిలితే అది ఎత్తుగా ఉన్నట్టు. రంగు కాగితం పెట్టి కరిపించి ఎక్కువ గుర్తు పడిన చోట తగ్గిస్తారు. కూర్చుని ఒకసారి, కుర్చీ వంచి ఒకసారి, పక్కలకు జరుపుతూ ఒకసారి చూడండి. "నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది" అన్న మాట కొత్తదనానికి చెల్లుతుంది గాని ఎత్తుకు చెల్లదు. ఎత్తుగా ఉన్న బ్రిడ్జి పునాది పన్నును రోజూ సుత్తితో కొట్టినట్టే. మత్తు ఇచ్చి ఉంటే ఈ పరీక్ష సరిగా తేలదని కూడా గుర్తుంచుకోండి.

అంచులు: నాలుక కొనతో, గోటితో క్యాపు అంచును తడిమి చూడండి. మెట్టులాగా తగిలితే అక్కడ పాచి చేరుతుంది. అతికించేముందు ఎక్స్‌రే తీసి అంచు కూర్చుందో లేదో చూడమని అడగడం తప్పు కాదు.

పక్క పళ్ళతో ఒరిపిడి: బ్రిడ్జికీ దాని పక్క పన్నుకూ మధ్య దంతదారం (ఫ్లాస్) కాస్త బిగువుగా దిగి, చిన్న శబ్దంతో బయటికి రావాలి. జారిపోతుంటే తోటకూర కాడ పీచు, మాంసం పోగు ప్రతి భోజనానికీ అక్కడే ఇరుక్కుంటాయి. అసలు దిగకపోతే శుభ్రం చేయలేరు.

నడిమి పన్ను అడుగు: అది చిగురును తాకీ తాకనట్టు ఉండాలి. నొక్కేసి చిగురు తెల్లబడితే, ఆ తెలుపు కొద్ది నిమిషాల్లో పోకపోతే, తగ్గించమనండి. సిమెంటు పెట్టకముందే దాని కిందికి దారం ఎలా దూర్చాలో మీ చేత చేయించమని అడగండి. దూరకపోతే బ్రిడ్జి ఆకారం మార్చవలసి ఉంటుంది.

మాట: ముందు పళ్ళైతే "ఫ్యాను, ఫోను, వంకాయ, వేసవి, సరస్వతి, శిశువు" అని గట్టిగా పలకండి. పెదవి పంటికి సరిగా తగలకపోతే, గాలి ఈలగా వస్తే వెంటనే తెలుస్తుంది. మా అమ్మగారు సెట్టు పెట్టుకున్న మొదటి రోజు విష్ణు సహస్రనామం చదివి చూసుకున్నారు. అంతకంటే మంచి పరీక్ష నాకు తోచదు.

ఏదైనా అనుమానం మిగిలితే కొన్ని రోజులకు తాత్కాలిక సిమెంటుతో పెట్టమని అడగండి. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. వారం పాటు అన్నం తిని, నమిలి, సరే అనుకున్నాక గట్టి సిమెంటు పెట్టించుకోండి.

8. ఇంట్లో చేయవలసింది

నా మొదటి బ్రిడ్జి పోవడానికి రెండో కారణం ఇదే. పైపైన చక్కగా తోముకునేవాణ్ణి, నడిమి పన్ను కింద ఏదైనా దూర్చి శుభ్రం చేయాలన్న సంగతే తెలియదు. క్యాపు కృత్రిమమైనది, దానికి పుచ్చు రాదు. కాని క్యాపు అంచు దగ్గర మొదలయ్యే మీ సొంత పన్నుకు వస్తుంది. రూట్ కెనాల్ జరిగిన పన్నుకు నొప్పి తెలియదు, అందుకని లోపల అంతా పుచ్చేదాకా నాకు దుర్వాసన తప్ప మరో సూచన లేదు.

ఒక కొన గట్టిగా, మధ్యభాగం స్పాంజిలా ఉండే ప్రత్యేక దంతదారం మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. గట్టి కొనను నడిమి పన్ను కిందినుంచి దూర్చి, స్పాంజి భాగాన్ని ముందుకూ వెనక్కూ లాగి, ఇరుపక్కల పునాది పళ్ళ అంచును పట్టి తుడవాలి. చేతులు వణికే పెద్దవారికి పళ్ళసందు బ్రష్షు లేదా నీటిధార పరికరం సులువు. రోజుకు ఒక్కసారి, రాత్రి పడుకునేముందు చాలు. వారం రోజులు శుభ్రం చేశాక కూడా దారానికి నెత్తురు అంటుతుంటే, వాసన వస్తుంటే డాక్టరుకు చూపించండి. గుండుసూది, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి కెలకడం మానండి.

తినడంలో పెద్ద ఆంక్షలు లేవు. మూలుగ ఎముక కొరకడం, చెరకుగడ పంటితో చీల్చడం, ఆవకాయ టెంక కొరకడం, సోడా మూతలు తీయడం మాత్రం వద్దు. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారు పడుకునేటప్పుడు పెట్టుకునే పళ్ళ కవచం చేయించుకోకపోతే ఎంత ఖరీదైన బ్రిడ్జి అయినా పెచ్చులు లేస్తుంది.

పళ్ళ సెట్టు వారికి విడిగా కొన్ని మాటలు. రాత్రి తీసి చల్లటి నీళ్ళలో వేయాలి, వేడినీళ్ళలో వేస్తే వంకరపోతుంది. మామూలు పేస్టు దాన్ని గీస్తుంది కాబట్టి మెత్తటి బ్రష్షుతో, కొద్దిగా సబ్బుతో కడగాలి. కడిగేటప్పుడు కింద నీళ్ళ గిన్నె పెట్టుకుంటే చెయ్యి జారినా పగలదు. మొదటి వారం ఇడ్లీ, పప్పన్నం, పెరుగన్నం చిన్న ముద్దలుగా రెండు పక్కలా నమలాలి. గుచ్చుకున్న చోట ఆకురాయితో, బ్లేడుతో మీరే గీయకండి. పుండు పడిందని సెట్టు తీసేసి వారం తర్వాత వెళితే ఎక్కడ గుచ్చుకుందో డాక్టరుకు కనబడదు. వెళ్ళే రోజు కొన్ని గంటలైనా పెట్టుకుని వెళ్ళండి. కొన్నేళ్ళకు చిగురు తగ్గి సెట్టు వదులవడం సహజం, దాని లోపలి వైపు పూత వేసి సరిచేస్తారు. అప్పటిదాకా జిగురు పొడి పోసుకుంటూ నెట్టుకురావడం మంచిది కాదు.

బ్రిడ్జి కదిలినా, ఊడినా

కరిచినప్పుడు బ్రిడ్జి ఒక పక్క లేస్తున్నట్టనిపించడం, నొక్కితే అంచు దగ్గర బుడగలు రావడం, ఉన్నట్టుండి చెడు రుచి తగలడం, ఇవన్నీ ఒక పునాది దగ్గర సిమెంటు వదిలిందనడానికి గుర్తులు. రెండో పక్క ఇంకా పట్టి ఉంది కాబట్టి ఊడదు, మనమూ పట్టించుకోం. ఆ సందులో పన్ను కొద్ది నెలల్లోనే పుచ్చిపోతుంది. పూర్తిగా ఊడి చేతికి వస్తే ఒక రకంగా మేలే. కడిగి డబ్బాలో పెట్టి, రెండు మూడు రోజుల్లో తీసుకువెళ్ళండి. లోపలి పళ్ళు బాగుంటే అదే బ్రిడ్జిని తిరిగి అతికించవచ్చు. ఇంట్లో ఉన్న జిగురుతో మీరే అతికించుకుంటే బ్రిడ్జి వంకరగా కూర్చుని, తీయడానికి వీల్లేక, పన్నూ బ్రిడ్జీ రెండూ పాడవుతాయి. రాత్రి పడుకునేటప్పుడు ఊడిన బ్రిడ్జిని మళ్ళీ నోట్లో పెట్టుకోకండి, నిద్రలో గొంతులోకి జారే ప్రమాదం ఉంది.

వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలతో పాటు క్యాపు పదార్థం, రంగు నంబరు రాసిన కాగితం తీసుకువెళ్ళండి. ఇంప్లాంట్ వారైతే కంపెనీ పేరు, మర పొడవు, మందం ఉన్న కార్డు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే పదేళ్ళ తర్వాత మరో ఊళ్ళో మరో డాక్టరు దాన్ని విప్పవలసి వస్తే ఏ మరకు ఏ పనిముట్టు పడుతుందో చెప్పేది ఆ కార్డే. అది ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.